పాత పాట ముక్క మీద ర్యాప్ ఆల్బమ్ కట్టడం: శాంపిల్ వెతకడం నుంచి శ్రోతల స్పందన చదవడం దాకా

అమెరికా నల్లజాతివారి పాత సోల్ పాటల మీద కట్టే ర్యాప్ ఆల్బమ్‌లో చిక్కు మొదటి రోజే మొదలవుతుంది. మీరు శాంపిల్ చేసిన, అంటే ముక్క కోసి తీసుకున్న, పాత పాటలో అప్పటికే ఒక గొంతు ఉంటుంది. గొంతు లేకపోతే గొంతులా పాడే ఆర్గనో, ట్రంపెటో, వయొలిన్ల వరసో ఉంటుంది. ర్యాపర్ వచ్చి సరిగ్గా అదే చోట కూర్చోవాలి. ఆ ఇద్దరికీ చోటు సర్దడమే ఈ పనంతా. శాంపిల్ ఎంచుకునేటప్పుడు, కోసేటప్పుడు, మాటలు రాసేటప్పుడు, మిక్స్ చేసేటప్పుడు ఒక్కటే చూసుకోవాలి: ర్యాపర్‌కి చోటుందా లేదా. అక్కడ పొరపాటు చేసి చివర్లో శబ్దం మార్చే ఏదో ప్లగిన్ ప్రోగ్రాముతో మెత్తదనం తెద్దామంటే రాదు.

పని మొదలుపెట్టే ముందు ఒక ఆల్బమ్‌ని నమూనాగా పక్కన పెట్టుకోండి. ‘బిలో ది హెవెన్స్’ ఇందుకు చక్కగా పనికొస్తుంది. ర్యాపర్ బ్లూ, ప్రొడ్యూసర్ ఎగ్జైల్ కలిసి చేసినది. 2007 జూలైలో లాస్ ఏంజెలిస్‌లోని సౌండ్ ఇన్ కలర్ అనే చిన్న లేబుల్ నుంచి వచ్చింది. మిగెల్, అలో బ్లాక్ ఇంకా ప్రపంచానికి పెద్దగా తెలియని రోజుల్లో ఇందులో పాడారు. దీన్ని ముందు హెడ్‌ఫోన్లలో ఒకసారి, తర్వాత ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. వెర్స్ (ర్యాపర్ మాటలు చెప్పే భాగం) నడుస్తున్నప్పుడు శాంపిల్ ఎక్కడ తగ్గింది, హుక్‌లో (పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే భాగంలో) ఎక్కడ విచ్చుకుంది, పాత గాయకుల గొంతు ర్యాపర్ మాట మధ్యలో వస్తోందా, మాట ముగిశాక వస్తోందా అన్నది నిమిషం, సెకను వేసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే తర్వాత మీ మిక్స్‌కి కొలబద్ద.

సామాను

దీని మీద ఎక్కువ ఆలోచించకండి. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, పాటలు కట్టే ప్రోగ్రాము ఎఫ్ఎల్ స్టూడియో గానీ రీపర్ గానీ, మైక్‌ని లాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైక్, చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు చాలు. నార్త్ కరోలినాలోని డర్హమ్ నుంచి లిటిల్ బ్రదర్ బృందం 2003లో తెచ్చిన ‘ది లిజనింగ్’ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ నైన్త్ వండర్ బీట్లు (మాట వెనక నడిచే సంగీతం) కట్టింది ఎఫ్ఎల్ స్టూడియోలోనే. ర్యాపర్ ఎంఎఫ్ డూమ్‌తో కలిసి చేసిన ‘మ్యాడ్‌విలనీ’ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ మ్యాడ్‌లిబ్ చాలా బీట్లను బ్రెజిల్‌లో సావో పాలో నగరంలోని ఒక హోటల్ గదిలో కట్టాడు. చేతిలో ఉన్నవి బాస్ ఎస్‌పీ-303 శాంప్లర్ (పాట ముక్కల్ని పట్టుకుని వాయించే యంత్రం), వెంట తీసుకెళ్లే చిన్న టర్న్‌టేబుల్, ఒక క్యాసెట్ డెక్.

శాంపిల్ ఎంపిక

పాట మొదటి నుంచి చివరి దాకా వినండి, కానీ పల్లవి మీద ఆశ పడకండి. మీకు కావాల్సింది పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటు: పాట ఎత్తుగడ, చరణాల మధ్య వాద్యాలు వచ్చే భాగం, చివర్లో పాట తగ్గుతూ పోయే చోటు. అక్కడ రెండు నుంచి నాలుగు బార్ల నిడివి చిక్కితే చాలు (ఒక బారు అంటే నాలుగు దెబ్బల కాలం). మంచి ముక్కకి రెండు గుర్తులు. కనీసం రెండు కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) మారాలి, లేకపోతే మూడు నిమిషాలు వినేసరికి విసుగొస్తుంది. వాద్యాలన్నీ ఒకేసారి మోగకూడదు, మోగితే ర్యాపర్‌కి చోటుండదు.

ఫైల్ విషయంలో రాజీ పడకండి. రికార్డు నుంచో సీడీ నుంచో తీసిన డబ్ల్యూఏవీ లేదా ఫ్లాక్ వాడండి. నాసిరకం ఎంపీ3లో పై శబ్దాలు కోసేసి ఉంటాయి. దాన్ని మీరు శ్రుతి తగ్గించినప్పుడు ఆ నష్టం ఇంకా కిందికి దిగి, తాళాల చప్పుడు నీళ్లలోంచి వచ్చినట్టు వినపడుతుంది. 1950, 60ల తెలుగు సినిమా పాటలు తీసుకుంటే ఇంకో సంగతి: అవి మోనో రికార్డింగులు. మధ్యలో ఉన్న గొంతుని తీసేసే స్టీరియో చిట్కా వాటి మీద పనిచేయదు. గొంతు, వాద్యాలు విడదీసే డెమక్స్ లాంటి ప్రోగ్రాములు పనిచేస్తాయి గానీ వయొలిన్ల మీద చెమ్మ పట్టినట్టు ఒక మరక మిగులుతుంది. ఆ మరక డ్రమ్స్ కింద దాక్కుంటే వాడండి, దాక్కోకపోతే వేరే ముక్క వెతకండి.

వేగం, శ్రుతి

కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టుకునేది ఇక్కడే. శాంపిల్ వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగుతుంది. నిడివిని మాత్రమే సాగదీసే టైమ్ స్ట్రెచ్ వాడితే శ్రుతి నిలుస్తుంది గానీ డ్రమ్ దెబ్బల అంచులు మొద్దుబారుతాయి. సోల్ శాంపిల్‌కి పాత పద్ధతే నయం: వేగాన్నీ శ్రుతినీ కలిపే దించండి. గొంతు కాస్త బరువెక్కి, మబ్బు పట్టినట్టు అవుతుంది. ఆ రంగు కోసమే ఇదంతా.

లెక్క చేసుకోండి. పాట 96 బీపీఎంలో (నిమిషానికి 96 దెబ్బలు) ఉంది, మీకు 88 కావాలి. 88ని 96తో భాగిస్తే 0.917. అంటే శ్రుతి సుమారు ఒకటిన్నర సెమీటోన్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమీటోన్) దిగింది. ఆ అర సెమీటోన్‌తోనే తంటా: కీబోర్డు మీద మీరు వాయించే బేస్ ఏ మెట్టు మీదా కలవదు. ఒక సెమీటోన్ దింపితే వేగం 90.6 అవుతుంది, రెండు దింపితే 85.5 అవుతుంది. ఈ రెండింటిలో ఒకటి తీసుకోండి. ప్రోగ్రాముల్లో బీపీఎంకి దశాంశం ఇవ్వొచ్చు, గుండ్రటి అంకె కోసం పాకులాడక్కర్లేదు. అయినా కలవకపోతే ఆ పాత రికార్డింగే నేటి 440 హెర్ట్జ్ శ్రుతిలో లేదని అర్థం. అప్పుడు బేస్‌ని 10, 20 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంట్) పైకీ కిందికీ జరుపుతూ చెవితో కలపండి.

పాత శాంప్లర్లు ఇచ్చిన గరుకుదనం ఎక్కడిదో తెలిస్తే మీరూ తెచ్చుకోవచ్చు. ఈ-మ్యూ ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో మొత్తం శాంప్లింగ్ సమయం పది సెకన్లే. శబ్దం నాణ్యత కూడా 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్ మాత్రమే. సమయం చాలక 33 వేగపు రికార్డుని 45లో తిప్పి, గబగబా నడిచే పాటని లోపలికి తీసుకుని, లోపల మళ్లీ వేగం దించేవారు. యంత్రంలో మెమరీ మిగిలేది, దాంతో పాటు గరగర వచ్చేది. లాప్‌టాప్‌లో అయితే శాంపిల్‌ని ఐదు సెమీటోన్లు పైకి ఎక్కించి, నాణ్యత తగ్గించే బిట్ క్రషర్‌తో 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి సేవ్ చేసి, మళ్లీ ఐదు సెమీటోన్లు దించండి. రికార్డు గీతల చప్పుడు విడిగా పైన చల్లకండి. పది పాటల మీద అదే చప్పుడు వినపడితే నకిలీ అని ఎవరికైనా తెలిసిపోతుంది.

కోత

నాలుగు బార్ల ముక్కని ఎనిమిదిగా కోయండి, ఒక్కోటి అర బారు. 90 బీపీఎంలో అర బారు అంటే 1.33 సెకన్లు. ఆ పాత బృందాలు క్లిక్ (తాళం చూపే యంత్రం చప్పుడు) పెట్టుకుని వాయించలేదు. నాలుగు బార్ల లూప్‌ని (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కని) అలాగే పెడితే మూడో బారుకల్లా మీ డ్రమ్స్ ఒక దారి, అది ఒక దారి. విడివిడిగా కోసి ఒక్కో ముక్కనీ దాని బీట్ మీద ఆనిస్తే ఈ జారుడు పోతుంది. కోతని డ్రమ్ దెబ్బ పడే క్షణం మీదే పెట్టండి. ముక్క మొదట్లో, చివర 2 నుంచి 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. ఇవ్వకపోతే ప్రతి కోత దగ్గరా ‘టిక్’మంటుంది. ముక్కలన్నిటినీ ఒకే చోక్ గ్రూపులో పెట్టండి. కొత్తది మోగగానే పాతది ఆగాలి, లేకపోతే రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి పడి బురదవుతుంది.

ఇక అసలు పని. ఎనిమిది ముక్కల్నీ తారుమారు చేసి వాయించండి, కానీ చివరి అర బారుని ఖాళీగా వదలండి. ఈ ఖాళీ వదలడానికి చేతులు రావు. బీట్ ఒక్కటే విన్నప్పుడు అక్కడ ఏదో తక్కువైనట్టుంటుంది. ర్యాపర్ వచ్చాక చూడండి, ఆ ఖాళీలోనే మాట నిలబడుతుంది.

పాత గాయని గొంతు ముక్క వాడుతుంటే ఒక నియమం పెట్టుకోండి: ర్యాపర్ మాట ముగిశాకే ఆమె రావాలి. ఒకరు పిలవడం, మిగతావాళ్లు బదులివ్వడం నల్లజాతివారి చర్చిల నుంచి సోల్‌కీ, సోల్ నుంచి ర్యాప్‌కీ వచ్చిన పద్ధతి. మనకి ఇది కొత్తేం కాదు. బుర్రకథలో కథకుడు మాట పూర్తి చేశాకే వంతలు ‘తందాన తాన’ అందుకుంటారు, మధ్యలో కాదు. వెర్స్‌లో ‘ఊ’, ‘ఆ’ లాంటి మాటలు లేని ముక్కలే వాడండి. మాటలున్న ముక్కని హుక్‌కి దాచండి. రెండు చోట్ల మాటలు ఒకేసారి వస్తే చెవి దేన్నీ పట్టుకోదు.

డ్రమ్స్, బేస్

శాంపిల్‌లో పాత బేస్, పాత కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) ఉంటాయి. 120 నుంచి 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి, ఆ చోట మీ బేస్ వస్తుంది. పాత బేస్ నడకే బాగుంటే శాంపిల్‌ని రెండు కాపీలు చేయండి. ఒకదానికి 250 హెర్ట్జ్ దగ్గర లో పాస్ (పై శబ్దాలు తీసేసే ఫిల్టర్), రెండోదానికి 150 దగ్గర హై పాస్. రెండింటి మట్టం విడివిడిగా మీ చేతిలో ఉంటుంది.

డ్రమ్స్‌ని గ్రిడ్‌కి (ప్రోగ్రాములోని సమాన దూరాల గీతలకి) అతికించకండి. 90 బీపీఎంలో బారులో పదహారో వంతు ఒక్కోటి 167 మిల్లీసెకన్లు. స్వింగ్ 58 శాతం పెడితే ప్రతి జంటలో రెండోది సుమారు 27 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. 54 నుంచి 60 మధ్య చెవికి నచ్చినచోట ఆపండి, 62 దాటితే కుంటుతుంది. స్నేర్‌ని (చురుకుగా మోగే చిన్న డ్రమ్‌ని) ఇంకో 5 నుంచి 10 మిల్లీసెకన్లు వెనక్కి లాగండి. హై హ్యాట్ (జంట తాళం) వెలాసిటీ, అంటే దెబ్బ బలం, ఒకటి 90 అయితే పక్కది 55 ఉండాలి. అన్నీ 100 పెడితే కుట్టుమిషన్ శబ్దం వస్తుంది. కాలం ఇలా సాగదీయడాన్ని ఎవరి దగ్గరన్నా నేర్చుకోవాలంటే ప్రొడ్యూసర్ జే డిల్లా దగ్గర నేర్చుకోవాలి. ఆయన వాడిన ఎంపీసీ-3000 శాంప్లర్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియంలో ఉంది.

తెలుగులో వెర్స్

తెలుగులో అంత్యప్రాస మరీ చవక. ‘వస్తున్నాడు, చూస్తున్నాడు, పోతున్నాడు’ అని ఎంతసేపైనా వెళ్లొచ్చు, ఎందుకంటే అక్కడ ప్రాస కుదురుస్తున్నది వ్యాకరణం, మీరు కాదు. విన్నవాళ్లకి నాలుగో పాదంకల్లా తర్వాతి మాట ముందే తెలిసిపోతుంది. అందుకే ప్రాసని పాదం చివర నుంచి లోపలికి జరపండి. మన పద్యం రెండో అక్షరం మీద ప్రాస పెట్టిందంటే, చెవికి చివరికన్నా లోపల తగిలే దెబ్బ గట్టిదని తెలిసే పెట్టింది.

లెక్క ఇలా. ఒక బారులో పదహారు గళ్లు. లఘువుకి ఒక గడి, గురువుకి రెండు. ఈ రెండు పాదాలు చూడండి:

రాత్రి బస్సు కిటికి పక్క నాన్నకి
నిద్ర రాదు వడ్డి లెక్క తేలక

ఒక్కో పాదం 3, 3, 3, 3, 4 మాత్రలు, మొత్తం పదహారు. కిక్, స్నేర్ నాలుగేసి గళ్లకి ఒకటి చొప్పున 1, 5, 9, 13 మీద నడుస్తుంటే మాటలు 1, 4, 7, 10 మీద మొదలవుతాయి. అంటే మాట డ్రమ్‌కి ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతూ వెళ్లి, చివరికి 13వ గడిలో స్నేర్‌తో కలుస్తుంది. ‘నాన్నకి’, ‘తేలక’ పడేది ఆ దెబ్బ మీదే. ప్రాస ఉన్నది ‘పక్క’, ‘లెక్క’ల్లో, రెండు పాదాల్లోనూ పదో గడిలో. పాదం చివర ప్రాస లేకపోయినా చెవికి లోటు తెలియదు.

వెర్సంతా ఇలాగే పదహారుకి పదహారు నింపకండి. 90 బీపీఎంలో సెకనుకి ఆరు మాత్రలు, రెండు బార్లకి సుమారు 5.3 సెకన్లు. ప్రతి రెండో బారు చివర కనీసం రెండు గళ్లు ఊపిరికి వదలాలి. నాలుగో బారు చివర నాలుగు గళ్లు వదిలితే పాత గాయని బదులు పలకడానికి కూడా చోటొస్తుంది. పదహారు బార్ల వెర్స్ 43 సెకన్లు. అంతసేపూ తీరిక లేకుండా మాట్లాడేవాళ్లని ఎదురుగా కూర్చుని ఎవరూ వినలేరు.

మాటల సరుకు గురించి ఒక్క ముక్క. సోల్‌ఫుల్ అంటే బాధ అనే మాట వాడటం కాదు. ‘కష్టాలు’, ‘కన్నీళ్లు’, ‘ప్రయాణం’, ‘గమ్యం’ అనే నాలుగు మాటలూ మీ కాగితంలో కొట్టేయండి. వాటి బదులు ఏ బస్సు, ఎంత వడ్డీ, ఏ పూట అన్నది రాయండి. మీ ఇంటి యాసలో రాయండి. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలా, కర్నూలు మనిషి కర్నూలులా, కరీంనగర్ మనిషి కరీంనగర్‌లా పలికినప్పుడే గొంతులో బిగువు పోతుంది.

రికార్డింగ్

మన ఇళ్లలో సిమెంటు గోడలు, టైల్స్ నేల. గొంతు గోడకి తగిలి తిరిగొచ్చి మైక్‌లో పడుతుంది, తర్వాత దాన్ని ఎవరూ తీయలేరు. మైక్ ముఖం ర్యాపర్ వైపు ఉంటుంది కాబట్టి అది వినేది ర్యాపర్ వెనక గోడని. అందుకే దుప్పట్లు, బొంతలు మైక్ వెనక కాదు, ర్యాపర్ వెనక కట్టండి. రెండు మందపాటి బొంతలు, కింద చాప మీద పరుపు, పక్కన తలుపు తెరిచిన బట్టల బీరువా. ఇంతే. ఫ్యాన్, ఏసీ ఆపాలి కాబట్టి ఇరవై నిమిషాలకోసారి విరామం ఇవ్వండి. చెమటతో విసిగిన గొంతు రికార్డులో తెలిసిపోతుంది. వీధి శబ్దం తగ్గేది రాత్రి పదకొండు తర్వాతే.

మైక్‌కి పెదవులకి మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. మైక్‌ని కొద్దిగా పక్కకి తిప్పండి, ప, బ, భ పలికినప్పుడు గాలి దెబ్బ సూటిగా తగలదు. 24 బిట్లలో తీయండి, గట్టిగా అన్న మాట కూడా మైనస్ 8 డెసిబెల్స్ దాటకూడదు. ష్యూర్ ఎస్ఎం7బీ లాంటి మైక్‌కి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ (శబ్దాన్ని పెంచే బలం) కావాలి. చవక ఇంటర్‌ఫేస్ అంత ఇవ్వబోతే బుస వస్తుంది. అలాంటప్పుడు ఎస్ఎం58 మేలు.

వెర్స్ మొత్తం ఒకే ఊపులో ఐదు టేక్‌లు, అంటే ఐదుసార్లు రికార్డింగు, తీయండి. తర్వాత నాలుగేసి బార్ల చొప్పున మంచివి ఏరండి. మాట మాటకీ టేక్ మారిస్తే మనిషి మాట్లాడుతున్నట్టుండదు. ఊపిరి శబ్దాలు కోసేయకండి, 6 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. డబుల్స్ (అదే మాటని మళ్లీ చెప్పి కింద కలపడం) పాదాల చివరి రెండు మూడు మాటలకే, అసలు గొంతుకన్నా 8 నుంచి 10 డెసిబెల్స్ కింద.

గొంతు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చుకోలేకపోతే వెర్స్‌ని రెండు రకాలుగా తీయండి: వేదిక మీద ఉన్నట్టు ఒకటి, పక్కసీటు మనిషికి చెప్తున్నట్టు ఒకటి. ‘మ్యాడ్‌విలనీ’ విడుదలకి ఏడాదికి పైగా ముందే నెట్‌లోకి లీకైంది. ఆ తర్వాత ఎంఎఫ్ డూమ్ చాలా వెర్సుల్ని ఇంకా నెమ్మదైన, దిగువ గొంతుతో మళ్లీ చెప్పాడు. 2004 మార్చిలో విడుదలైంది ఆ గొంతే. శాంపిల్ బరువుగా ఉన్నచోట రెండోదే నిలుస్తుందని అది వింటే తెలుస్తుంది.

మిక్స్

అన్నీ మ్యూట్ చేయండి. గొంతు, స్నేర్ రెండే తెరిచి వాటిని ఒక మట్టానికి తెండి. తర్వాత కిక్, బేస్. శాంపిల్‌ని ఆఖర్న, సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, మాట మసకబారే చోటు వరకు వచ్చి 2 డెసిబెల్స్ వెనక్కి రండి. చాలామంది శాంపిల్‌తో మొదలుపెడతారు. అది ముందే నిండుగా ఉంటుంది కాబట్టి మిగతావన్నీ దాని మీద అరవాల్సి వస్తుంది.

గొంతుకి 90 హెర్ట్జ్ దగ్గర హై పాస్. 250 నుంచి 400 మధ్య డబ్బా శబ్దం ఉంటే 3 డెసిబెల్స్ తగ్గించండి. కంప్రెసర్ 3:1, అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 80, గట్టి మాటల దగ్గర 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా. ‘స, శ’లు గుచ్చుకుంటే డీ-ఎస్సర్‌ని 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి.

మాట స్పష్టత ఉండేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోనే. శాంపిల్ మీద డైనమిక్ ఈక్యూ పెట్టి, గొంతు వచ్చినప్పుడే ఆ ప్రాంతం 2, 3 డెసిబెల్స్ దిగేలా సైడ్‌చెయిన్ చేయండి. శాశ్వతంగా కోసేస్తే మాట లేని చోట్ల శాంపిల్ వెలవెలబోతుంది. దీనికన్నా సులువైనది, వినసొంపైనది ఇంకోటుంది: వెర్సులో శాంపిల్ మీద 4 కిలోహెర్ట్జ్ దగ్గర లో పాస్ వేసి, హుక్‌లో పూర్తిగా తెరవండి. తెర తీసినట్టు ఉంటుంది.

ఫోన్ స్పీకర్‌లో వినండి. అందులో సుమారు 200 హెర్ట్జ్ కింద ఏమీ రాదు. బేస్ పూర్తిగా మాయమైతే దాని మీద కొద్దిగా శాచురేషన్ వేయండి, పై స్వరాలు పుట్టి చిన్న స్పీకర్‌లో కూడా నడక తెలుస్తుంది. తర్వాత శబ్దం బాగా తగ్గించి వినండి. అప్పుడు మిగలాల్సినవి రెండు: గొంతు, స్నేర్.

మాస్టర్ (విడుదలకి ఇచ్చే చివరి రికార్డింగు) సంగతి క్లుప్తంగా. స్పాటిఫై పాటల్ని మైనస్ 14 లఫ్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) దగ్గరికి సర్దుతుంది. మీ మాస్టర్ అంతకన్నా గట్టిగా ఉంటే ట్రూ పీక్ (శబ్దం ఎక్కే గరిష్ఠ ఎత్తు) మైనస్ 2 దగ్గర ఆపమని వాళ్ల సూచన, లేకపోతే మైనస్ 1. పాటలన్నీ ఒకే అంకెకి తేవద్దు. మెత్తటి పాట మెత్తగానే ఉండాలి. ఆల్బమ్ నిడివి 36 నుంచి 42 నిమిషాల మధ్య ఉంచండి. వినైల్ రికార్డు వేస్తే ఒక వైపు సుమారు 20 నిమిషాల దాకా బాగా పడుతుంది, ఇంకా పెంచితే మట్టం తగ్గుతుంది. వరసగా మూడు పాటలు ఒకే వేగంలో రాకుండా చూడండి.

హక్కులు

‘పది సెకన్ల లోపైతే పర్లేదు’ అన్నది కట్టుకథ. అలాంటి సెకన్ల మినహాయింపు మన 1957 కాపీరైట్ చట్టంలో లేదు. అమెరికాలో 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన తీర్పుతో ఆల్బమ్ అమ్మకమే ఆగిపోయింది. 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ కేసులో తగాదా రెండు సెకన్ల గిటార్ ముక్క మీద, అయినా అనుమతి కావాలనే ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. 2016లో ఇంకో ఫెడరల్ అప్పీల్ కోర్టు దానితో విభేదించింది, కానీ ఆ భిన్నాభిప్రాయం మీద భరోసా పెట్టుకుని విడుదల చేయకండి. ర్యాప్ బృందం డీ లా సోల్ తొలి ఆల్బమ్ 1989లో వస్తే, ఆ పాత ఆల్బమ్‌లు స్ట్రీమింగ్‌లోకి వచ్చింది 2023 మార్చిలో. శాంపిల్ అనుమతుల చిక్కే అందుకు పెద్ద కారణం.

ఒక పాట ముక్కకి రెండు అనుమతులు కావాలి: రికార్డింగు మీద హక్కున్న లేబుల్ నుంచి ఒకటి, బాణీ, సాహిత్యం మీద హక్కున్నవారి నుంచి రెండోది. మన దేశంలో రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1964లో విడుదలైన రికార్డింగు గడువు 2024తో ముగిసింది. బాణీ హక్కు మాత్రం స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన బాణీల గడువు 2034 చివరి దాకా ఉంటుంది. కవి సంగతి మళ్లీ వేరు. పైగా ఈ లెక్క భారతదేశం వరకే, మీ పాట మిగతా దేశాల్లోనూ మోగుతుంది.

అనుమతి ఉత్తరంలో ఇవి ఉండాలి: మూల పాట పేరు, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా తీసుకున్నారు, మీ పాటలో అది ఎన్నిసార్లు వస్తుంది, మీ పాట నిడివి, ఎన్ని కాపీలు, ఏ దేశాలు, ఏ వేదికలు. పాట కూడా జతచేయండి. జవాబు రాకపోతే మౌనం అంగీకారం కాదు.

అనుమతి ఖర్చు భరించలేకపోతే శాంపిల్‌ని మీరే పుట్టించండి. హార్మోనియం, వయొలిన్, ఒక గాయని. మీ సొంత బాణీలో ఎనిమిది బార్లు 96 బీపీఎంలో రికార్డు చేసి, పైన చెప్పినట్టు శ్రుతి దించి, పరాయి రికార్డుని కోసినట్టే నిర్దాక్షిణ్యంగా కోయండి. రాగం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. వాయించిన వాళ్లకి డబ్బిచ్చి సంతకంతో పత్రం తీసుకోండి.

విడుదల, స్పందన

పాటల్ని స్ట్రీమింగ్ వేదికలకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి నాలుగు వారాల ముందు ఇవ్వండి. స్పాటిఫై సంపాదకులకి ఒక పాటని విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. వాళ్లకి పంపేది ఎక్కువ ర్యాప్ ఉన్న పాట కాదు, శాంపిల్‌కి గొంతుకి సర్దుబాటు బాగా కుదిరిన పాట. కవరు 3000 పిక్సెల్స్ చదరం. కళాకారుడి పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్‌లో ఇవ్వండి, అక్షరం తేడా వస్తే ఆల్బమ్ ఇంకొకరి పేజీలో పడుతుంది. ప్రొడ్యూసర్‌కెంత, ర్యాపర్‌కెంత అన్నది విడుదలకి ముందే కాగితం మీద రాసి సంతకాలు చేయండి. రాసినవాళ్లు, స్వరపరచినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసే సంస్థలో) సభ్యులైతే రాయల్టీకి దారి ఉంటుంది. సాహిత్యం తెలుగు లిపిలో ఎక్కించండి. సమీక్ష రాసేవాళ్లు పాదాల్ని ఎత్తి రాయాలంటే వాళ్లకి అవి కనపడాలి.

స్ట్రీమింగ్ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. స్పాటిఫైలో ఏడాదిలో వెయ్యి స్ట్రీములు దాటని పాటకి 2024 నుంచి చెల్లింపే లేదు. శ్రోతలే పాటలు కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ సైటు డిజిటల్ అమ్మకం మీద 15 శాతం తీసుకుని, చెల్లింపు రుసుము పోను మిగతాది ఇస్తుంది. అండర్‌గ్రౌండ్ ఆల్బమ్‌కి నిజంగా డబ్బిచ్చే శ్రోత అక్కడుంటాడు.

స్పందనని మూడు కుప్పలు చేయండి. ‘సూపర్ అన్నా’ లాంటివి ఒక కుప్ప, సంతోషించి పక్కన పెట్టండి. ఒక పాదాన్ని తిరిగి రాసినవి రెండో కుప్ప. ఏ పాదం పదిమంది ఎత్తి రాశారో అది మీ రాతలో నిలిచే చోటు. ‘మాట వినపడలేదు’, ‘బీట్ బాగుంది’ అన్నవి మూడో కుప్ప. ఈ రెండు మాటలూ ఒకే ఫిర్యాదు: శాంపిల్ గెలిచింది, ర్యాపర్ ఓడాడు. యూట్యూబ్ స్టూడియోలో శ్రోతలు నిలిచిన గ్రాఫ్ చూడండి. మొదటి 20 సెకన్లలో పడితే ఎత్తుగడ పొడుగైంది. రెండో వెర్స్ మొదట్లో పడితే మొదటి వెర్స్‌కీ దానికీ బీట్‌లో ఏ మార్పూ లేదు. అక్కడ నాలుగు బార్లు డ్రమ్స్ తీసేసి చూడండి. విడుదలయ్యాక మిక్స్ మారిస్తే అది కొత్త రికార్డింగే, కొత్త ఐఎస్ఆర్‌సీ (రికార్డింగు గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి.

మొదటి నెల అంకెలతో ఆల్బమ్‌ని కొలవకండి. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ‘మ్యాడ్‌విలనీ’ విడుదలైన రోజుల్లో అమెరికా ఆల్బమ్ జాబితా బిల్‌బోర్డ్ 200లో 179 దాటి పైకి పోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొత్త ర్యాపర్లు దాన్నే పట్టుకుని నేర్చుకుంటున్నారు. ‘బిలో ది హెవెన్స్’ వచ్చిన రెండేళ్లకి, 2009లో, ఎక్స్ఎక్స్ఎల్ అనే ర్యాప్ పత్రిక కొత్త ర్యాపర్ల కవర్ మీద బ్లూ బొమ్మ వేసింది. చేతులు మారుతూ వెళ్లే ఆల్బమ్‌కి ఆ వ్యవధి ఇవ్వాలి. ఆరు నెలల పాటు ప్రతి నెలా ఒక పాటకి ఏదో ఒకటి జోడించండి: ఇన్‌స్ట్రుమెంటల్, సాహిత్యం ఉన్న వీడియో, గది మధ్యలో నిలబడి చెప్పిన ఒక వెర్స్.

సెషన్ ఫైళ్లు, ఆల్బమ్‌లో చేరని పాటలు, వదిలేసిన టేక్‌లు అన్నీ 24 బిట్ల డబ్ల్యూఏవీలుగా రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. బ్లూ, ఎగ్జైల్ అప్పట్లో పక్కన పెట్టిన పాటలే పదేళ్ల తర్వాత, 2017లో, ‘ఇన్ ది బిగినింగ్: బిఫోర్ ది హెవెన్స్’ పేరుతో ఇంకో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి.